సర్ వాల్టరు స్కాటు – ప్రాతమాటల కథ

మధ్యయుగముల నాటి కథను చెప్పు నవలను చేతబట్టిన విద్యార్థికి తొలి పుటలలోనే కాలికి ముల్లు గ్రుచ్చుకొనినట్లగును. కవచములో ఏ భాగమునకు ఏ పేరో తెలియదు; కోటలో ఏ గోడను ఏమందురో తెలియదు; కొలువులో ఎవడు దొరయో ఎవడు బంటో పోల్చుకొనుటకు వీలు చిక్కదు. నిఘంటువు తెరచి ఒక్కొక్క మాటకు అర్థము వ్రాసికొనుచు పోవువానికి పది పుటలు గడచునప్పటికి కథ మరపున పడును. నిఘంటువు ముట్టక చదువువానికి కథ మిగులును గాని కాలము చిక్కదు. ఈ రెంటి నడుమ ఒక బాట వేసినవాడు సర్ వాల్టరు స్కాటు. ఆ బాట వేయుటకు ముందు ఆయనయు ఆ ముండ్లనే త్రొక్కెను. ఒక మారు బోర్ల పడెను కూడ.

స్కాటు 1771వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన స్కాట్లండు రాజధానియగు ఎడింబరోలో జన్మించెను. తండ్రి న్యాయశాస్త్ర వృత్తిలో నుండిన గృహస్థు; తల్లి ఆన్ రూథర్‌ఫర్డు ఆ నగరపు విశ్వవిద్యాలయమున వైద్యాచార్యుడైన పండితుని కుమార్తె. అంతకు ముందు పుట్టిన బిడ్డలు పలువురు పసితనముననే పోయిరి. ఈ బాలునికి ఏడాదిన్నర వయస్సున జ్వరము తగిలి కుడికాలు పట్టు తప్పెను. నేటి వైద్యులు దానిని పోలియో యని గుర్తింతురు. పల్లెగాలి మేలు చేయునని తాతగారి ఊరగు శాండినౌకు పంపిరి. అప్పుడే ఒలిచిన గొఱ్ఱెతోలులో బిడ్డను చుట్టి పరుండబెట్టుట అచ్చట చేసిన చికిత్సలలో ఒకటి. కాలు బాగుపడలేదు, తుదివరకు ఆయన కుంటుచునే నడచెను. కాని చెవికి మాత్రము ఆ పల్లెలో గొప్ప చదువు అబ్బెను.

ఆ యింటికి చేరువనే స్మేల్‌హోమ్ అను పాడుబడిన బురుజు కలదు. సరిహద్దు సీమల పశుహరణములు, పగలు, పోరాటములు నాయనమ్మ నోట కథలై వినవచ్చెను. మేనత్త జానెట్ వీరగాథలు చదివి వినిపించెడిది. అక్షరములు రాకమునుపే బాలుడు 'హార్డీక్నూట్' అను దీర్ఘగాథను కంఠస్థము చేసి, ఇంటికి వచ్చిన మతగురువునకు మాటాడ నెడమీయక గొంతెత్తి చదువుచుండెడివాడట. అందలి మాటలు పెక్కింటికి ఆ వయస్సున అర్థము తెలిసియుండదు. అర్థమునకు ముందు ధ్వని వచ్చెను. ధ్వని వెంట కథ వచ్చెను. అర్థము తీరికగా తరువాత వచ్చి చేరెను. తమాషా యేమనగా, ఆ గాథ నిజమైన ప్రాతది కాదు. 18వ శతాబ్దిలో లేడీ వార్డ్‌లా అను నామె ప్రాత ఫక్కి ననుకరించి వ్రాసినది. ప్రాతదనమును క్రొత్తగా నేయవచ్చునను సంగతి స్కాటునకు ఉగ్గుపాలతోనే అందినదన్నమాట.

1779లో ఎడింబరో హైస్కూలున చేరి లాటిను చదివెను. కెల్సో అను ఊరిలో కొన్నాళ్లున్నప్పుడు పర్సీ బిషప్పు 1765లో ప్రకటించిన ప్రాచీన గాథల సంపుటము చేత చిక్కెను. తోటలో ఒక పెద్ద చెట్టు క్రింద దానిని తెరచిన పదమూడేండ్ల బాలుడు మధ్యాహ్నభోజనము మాట మరచెను. ఇంటివారు వెదకి పట్టుకొనవలసి వచ్చెను. విశ్వవిద్యాలయమున గ్రీకు మాత్రము నేర్వనని మొండికెత్తెను. హోమరు కన్న ఇటలీ కవి అరియోస్తో మిన్నయని ఒక వ్యాసము వ్రాసి ఆచార్యునికి కోపము తెప్పించెను. గ్రీకు తరగతిలో మొద్దు అను పేరు వచ్చెను. పెద్దవాడైన పిమ్మట ఆ నష్టమునకు ఎంతయో చింతించెను. కథ కోసమై అయినచో ఏ భాషనైనను పట్టెడివాడు. ఇటాలియనును అట్లే నేర్చుకొనెను. వ్యాకరణము కోసమై భాషను పట్టుమన్నచో పారిపోయెడివాడు. ఇట్టి విద్యార్థులు ప్రతి తరగతిలోను ఒకరిద్దరుందురు; ఉపాధ్యాయులకు వారి సంగతి తెలియనిది కాదు.

యౌవనారంభమున కడుపులో రక్తనాళము చిట్లి చాలనాళ్లు మంచము పట్టెను. మాటాడవలదని వైద్యుల ఆజ్ఞ. ఆ మౌనములో ప్రాత వీరకథలన్నియు చదివెను. గవ్వలు, గులకరాళ్లు పేర్చి సేనలుగా నిలిపి యుద్ధములు నడిపెను. 1786–87 శీతకాలమున ఒక పండితుని యింట కవి రాబర్ట్ బర్న్స్ గోడమీది చిత్రపటము క్రింది పద్యపంక్తులు ఎవరివని అడుగగా, అచ్చటి పెద్దలెవరికిని తెలియలేదు. మూలనున్న పదునైదేండ్ల స్కాటు లాంగ్‌హారన్ అను కవి పేరు చెప్పి బర్న్స్ మెప్పు పొందెను.

1792లో న్యాయవాదియయ్యెను. వృత్తికన్న లిడ్స్‌డేల్ కొండల మీద మక్కువ హెచ్చు. మిత్రుడు షార్ట్‌రీడుతో ఏటేట ఆ కొండపల్లెలు తిరిగి, గొఱ్ఱెలకాపరుల నోట, ముసలమ్మల నోట మిగిలిన గాథలను సేకరించెను. అవి 1802, 1803 సంవత్సరములలో మూడు సంపుటములుగ 'స్కాటిష్ సరిహద్దు గాయకగాథలు' అను పేర వెలువడెను. జేమ్స్ హాగ్ కవి తల్లి ఒకామె మాత్రము సంతసింపలేదు. పాడుటకు పుట్టిన పాటలను అచ్చు వేసి చెరచితివనియు, వ్రాత కూడ సరిగా లేదనియు స్కాటును మొగము మీదనే అడిగినది. ఆమె మాటలో సత్యము కలదు. నోటిమాట పుటకెక్కినప్పుడు కొంత చచ్చును. ఎక్కకపోయినచో ఆమె తరముతో పూర్తిగా చచ్చెడిది.

ఈ కూర్పులో స్కాటునకు కుడిభుజముగా నిలిచినవాడు జాన్ లైడెన్ అను గొఱ్ఱెలకాపరి కుమారుడు. అసంపూర్ణముగా దొరికిన ఒక గాథ తక్కిన భాగము కోసము నలువది ఏబది మైళ్లు కాలినడకన పోయి, దానిని పాడుచునే తిరిగి వచ్చిన మొండివాడు. ఇతడు 1803లో కుంఫిణీ వైద్యుడై చెన్నపట్టణమున దిగెను. మన కైఫీయతులను ప్రోగుచేయించిన మెకంజీ నడపిన మైసూరు సర్వేలో కొంతకాలము పనిచేసెను; దక్షిణదేశ భాషలు పలు నేర్చెను; 1811లో జావా దండయాత్రతో బటేవియాకు పోయి అచ్చటనే 35 ఏండ్లకు కన్నుమూసెను. సరిహద్దు కొండలలో ముసలమ్మల మాటలు ఏరిన చేయియే దక్షిణదేశపు మాటలను కూడ ఏరినది.

1804లో స్కాటు 'సర్ ట్రిస్ట్రెమ్' అను మధ్యయుగపు పద్యకథను వ్రాతప్రతి నుండి పరిష్కరించి, పదకోశము చేర్చి ప్రకటించెను. వ్రాతప్రతి తుదిభాగము పోయినందున ఆ కొరతను తానే ఆనాటి భాషలో పూరించెను. ప్రాతమాటకు అర్థము వ్రాయుట వేరు, ప్రాతమాటతో వ్రాయుట వేరు. ఈ రెండవ పని ఆయనకు అప్పటికే చేతనయ్యెను. 'లే ఆఫ్ ది లాస్ట్ మిన్‌స్ట్రెల్' (1805), 'మార్మియన్' (1808), 'లేడీ ఆఫ్ ది లేక్' (1810) కావ్యములతో కవిగా దేశమంతట పేరు మ్రోగెను.

ఇంతలో ఆయన బోర్లపడిన ఘట్టము వచ్చెను. జోసెఫ్ స్ట్రట్ అను చిత్రలేఖకుడు ఆంగ్లేయుల ప్రాచీన వేషభాషలను, ఆటపాటలను గూర్చి పెద్ద గ్రంథములు వ్రాసిన పురావిదుడు. ఆరవ హెన్రీ కాలమునకు చెందిన 'క్వీన్‌హూ హాల్' అను కథ సగములో నుండగా 1802లో మరణించెను. ప్రచురణకర్త కోరికపై స్కాటు దానిని ముగించి 1808లో వెలువరించెను. అందులో ప్రతి వేషమునకు, ప్రతి వంటకమునకు, ప్రతి ఆటకు పదునైదవ శతాబ్ది నాటి సరియైన పేరే కలదు. తప్పు పట్టుటకు వీలు లేదు. పుస్తకము మాత్రము చదువరులకు ఎక్కలేదు. స్కాటు దాని కారణమును చాలకాలము ఆలోచించి, భాష మితిమీరి ప్రాతబడుటయు, పురావిద్య విచ్చలవిడిగ పరచుటయు కథను చంపినవని తేల్చుకొనెను. తెలిసిన మాటలన్నియు చెప్పవలెనను ఆశ పండితునికి సహజమే. అది కథకునికి శత్రువు.

1805లో ఆరంభించి మూల పడవేసిన నవల ఒకటి, చేపల గాలపు సరంజామా వెదకుచుండగా ప్రాత పెట్టెలో దొరకెను. దానిని పూర్తి చేసి 1814లో 'వేవర్లీ' అను పేర, రచయిత పేరు లేకయే, ప్రకటించెను. నవలల పరంపర మొదలయ్యెను. అన్నియు స్కాట్లండు కథలు; భాష ఆయన పుట్టిపెరిగిన భాష. అందు ప్రాతమాట చిక్కు అంతగా లేదు. 1819లో ఇంగ్లండు మధ్యయుగమునకు, అనగా 1194 నాటి రిచర్డు రాజు కాలమునకు, పోదలచినప్పుడు ఆ చిక్కు మరల ఎదుట నిలిచెను. ఆ నవలయే 'ఐవాన్‌హో'.

ఆ యేడు పిత్తాశ్మరి నొప్పి ఆయనను ప్రాణాంతకముగ బాధించెను. చేత కలము పట్టలేని దినములలో విలియం లెయిడ్లా, జాన్ బాలంటైన్ అను మిత్రులు ఎదుట కూర్చుండగా తొలి భాగములు చెప్పి వ్రాయించెను. బాలంటైన్ ముందుగనే కలములు చెక్కి పెట్టుకొని పరుగున వ్రాసెడివాడు. లెయిడ్లా కథలో పడి తరువాత నేమాయెనని వ్రాయుట ఆపెడివాడట. వ్రాయసకాడు కలము మరచినచో కథ నడచుచున్నట్లే లెక్క.

ఈ నవలకు కల్పిత రచయిత పేర వ్రాసిన పీఠికలో స్కాటు తన పద్ధతిని విప్పి చెప్పెను. చాసరు కవిని తొలిసారి తెరచినవాడు ఆ వర్ణక్రమమును చూచి బెదరి మూసివేయును; ఎవరైన పెద్దవారు అందు నిజముగ వాడుక తప్పిన మాటలు పదింట ఒకటియేయని చూపినచో ధైర్యము కలిగి చదువును. చాటర్టన్ అను యువకవి పదకోశము నుండి ఆ పదవవంతు మాటలనే ఏరి గుదిగ్రుచ్చి, ఏ కాలమునను ఎవరును మాటాడని భాషను సృష్టించెను. మనుజుల కోపతాపములు, ఆకలిదప్పులు అన్ని కాలములకు ఒక్కటే; వాటిని చెప్పు మాటలును పెక్కు ఒక్కటే. కాలము మారినప్పుడు మారునవి వస్తువుల పేర్లు, పదవుల పేర్లు. కావున వాటిని మాత్రమే ప్రాతవి వాడి, తక్కినది అందరకు తెలిసిన భాషలో నడపవలెననుట ఆయన సిద్ధాంతము.

ఇది ఎట్లు పనిచేసినదో నవలలోనే చూడవచ్చును. మొదటి అధ్యాయమున అడవిలో పందుల కాపరి గర్త్ మెడలో ఇత్తడి పట్టెడ కలదు; తీయుటకు వీలు లేకుండ అతికినది. దానిపై అతని పేరు, తండ్రి పేరు, అతడు రాథర్‌వుడ్ సెడ్రిక్కునకు పుట్టు 'థ్రాల్' అను సంగతి చెక్కబడినవి. థ్రాల్ అనగా బానిస యని ఎవరును చెప్పనక్కరలేదు, పట్టెడయే చెప్పినది. రెండవ అధ్యాయములో బాటసారులు వత్తురు. మఠాధిపతి మెల్లని నడక గల కంచరగాడిదపై వచ్చును. అతని ప్రక్క యోధుడు 'హాక్నీ' నెక్కి వచ్చును; సర్వాలంకారములతో నున్న యుద్ధాశ్వమును బంటు వెనుక నడిపించుకొని వచ్చును. దారికొక గుర్రము, పోరునకొక గుర్రము అను భేదము కంటికి కట్టిన పిమ్మట, హాక్నీయనగా నేమో ఏ విద్యార్థియు మరువడు.

గాయపడి మంచాన నున్న ఐవాన్‌హోకు కోట ముట్టడిని రెబెకా కిటికీ కడ నిలిచి చెప్పు ఘట్టము ఈ విద్యకు శిఖరము వంటిది. ఆమె యూదుల పడుచు; యుద్ధపు పరిభాష ఎరుగదు. నల్లని డాలుపై ఇనుప కమ్మి వంటిది, నీలిరంగు తాళము వంటిది కనబడుచున్నదని తనకు తెలిసిన మాటలలో చెప్పును. పడకపై నున్న వీరుడు వెంటనే దానిని వీరచిహ్నశాస్త్రపు మాటలలోనికి మార్చి పలుకును. చదువరి రెబెకా ప్రక్కనే నిలిచియుండును. ఆమెతోపాటు కోట ముంగిటి కాపుదలయగు 'బార్బికన్'ను, గుంజల కంచెను, దొడ్డిదారి తలుపును కన్నులార చూచును. బయట మనుష్యులు చచ్చుచున్నారు. లోపల ఇద్దరి ప్రాణములు ఆ గోడ నిలుచుటపై గాక కూలుటపై ఆధారపడియున్నవి. అట్టి వేళ నేర్చిన మాట మనస్సున నాటుకొనకేమగును?

అదే కోటలోనికి విదూషకుడు వాంబా సన్యాసివేషమున ప్రవేశించును. అతనికి వచ్చిన లాటిను రెండే మాటలు: 'పాక్స్ వోబిస్కుం', మీకు శాంతి కలుగుగాక యని అర్థము. ఎవరేమడిగినను అదియే జవాబు. ఆ రెండు మాటలను యజమానికి నేర్పి, తన వేషమును అతనికి తొడిగి బయటికి పంపి, తాను చెరలో నిలుచును. పదజాలము ప్రాణము కాచుటకు ఇంతకన్న నిదర్శనమేల?

ఈ నవలలో అన్నిటికన్న పేరుపొందినది పంది మాట. అడవిలో కాపరి చేత నున్నంతవరకు దానికి సాక్సను పేరు 'స్వైన్'. దొర భోజనపు బల్లకెక్కగనే నార్మను పేరు 'పోర్కు'. అట్లే 'ఆక్స్' వండగనే 'బీఫ్'. 'కాఫ్' వండగనే 'వీల్'. పెంచువాడు ఓడినవాడు, తినువాడు గెలిచినవాడు అను చరిత్ర ఈ నాలుగైదు మాటలలో ఇమిడినదని వాంబా గర్త్‌నకు బోధించును. జాన్ వాలిస్ అను వైయాకరణుడు 1653లోనే ఈ విషయమును గుర్తించెను. స్కాటు దానికి నోరిచ్చెను. ఇటీవలి భాషాశాస్త్రజ్ఞులు ఇందు అతిశయోక్తి కలదందురు. నార్మను మాటలు చాలకాలము బ్రదికియున్న పశువులకు కూడ వాడుకలో నుండెనట. భేదము క్రమముగ పిమ్మట స్థిరపడెను. అయినను ఈ దృష్టితో చూచు అలవాటు మంచిదే. తెలుగునేలపై మేడి, పలుపు, కొడవలి అని పొలములో పలుకు మాటలు దేశ్యములు; జమాబందీ, దస్తావేజు, వకీలు అని కచేరిలో పలుకునవి పారసీకమునుండి వచ్చినవి. తరగతిలో పిల్లలచే ఇట్టి జాబితా వేయించినచో, ఎవరెప్పుడు ఏలిరో వారికే తెలియును.

స్కాటు పొరపాట్లును తక్కువ కావు. పోటీరంగమున ప్రవేశించిన అజ్ఞాతవీరుని డాలుపై 'దెస్దిచాదో' అను స్పానిషు మాట వ్రాయించి, వారసత్వము కోల్పోయినవాడని అర్థము చెప్పెను. ఆ భాషలో దానికి అభాగ్యుడనియే అర్థము. సాక్సనుల నోట 'జెర్నెబాక్' అను స్లావు దేవత పేరు పెట్టెను. 1194 నాటికి సాక్సను–నార్మను పగ అంత పచ్చిగా లేదని చరిత్రకారుడు ఫ్రీమన్ గట్టిగ ఆక్షేపించెను. ప్రాచీనరాజు 'సెర్డిక్' పేరును తారుమారుగ 'సెడ్రిక్' చేసెను. ఆ తప్పు పేరే తరువాత ఇంగ్లండులో వేలకొలది బిడ్డల పేరై నిలిచినది. కూలికి పోరు బల్లెపుదండును చెప్పుటకు ఇందు వాడిన 'ఫ్రీ లాన్స్' అను మాటయే నేడు ఏ కొలువునకును కట్టుబడని పత్రికారచయితలకు బిరుదైనది.

1819 డిసెంబరున వెలువడిన ఈ నవల తొలి ముద్రణము పదివేల ప్రతులు. అది చూచుచుండగనే చెల్లిపోయెను. యూరపు భాషలన్నింట చారిత్రక నవలకు ఇది ఒరవడి యయ్యెను. మనలో చారిత్రక నవలలు వ్రాసిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారికి (1867–1946) 'ఆంధ్రా స్కాట్' అను పేరు వచ్చుట ఎల్లరు ఎరిగినదే.

1820లో స్కాటు 'సర్' బిరుదమునందెను. ట్వీడు నదీతీరమున ఆబట్స్‌ఫర్డు అను భవనము కట్టి ప్రాత ఆయుధములు, గ్రంథములు నింపెను. 1826 జనవరిలో ప్రచురణకర్తయగు కాన్‌స్టబుల్, ముద్రాపకులగు బాలంటైనులు దివాలా ఎత్తగా, భాగస్వామియైన స్కాటు నెత్తిన సుమారు లక్షయిరువదివేల పౌనుల ఋణము పడెను. ఆ మే మాసముననే భార్య చనిపోయెను. దివాలా చట్టము చాటున తప్పుకొనక, కలముతోనే తీర్చెదనని ఋణదాతలకు మాట ఇచ్చి, రేయింబవళ్లు వ్రాయ మొదలిడెను. తొమ్మిది సంపుటముల నెపోలియను చరిత్ర 1827లో వచ్చెను.

ఆ భారము క్రిందనే రోగపీడితుడగు మనుమడు జాన్ హ్యూ కోసమై 'తాతగారి కథలు' అను స్కాట్లండు చరిత్రను వ్రాసెను. తొలుత ఆరేండ్ల బిడ్డకు తగినంత తేలికమాటలతో నడిపెను. నడచుకొలది ఒక సంగతి బోధపడెను: పెద్దలు తమకై వంగి మాటాడుట పిల్లలకు నచ్చదు. తమ అందుబాటునకు కొంచెము పైనున్న భాషను వారు ఎగిరి అందుకొందురు. అందుచే తరువాతి భాగములలో భాషను కావలెనని పెంచెను. ఒకింత కఠినమైన భావము పిల్లలకు హాని చేయదనియు, మేలే చేయుననియు ముందుమాటలో తెలిపెను. పాఠ్యపుస్తకములలో ప్రతి కఠినపదమును ఏరివేయు నేటివారు ఈ మాటను ఒక మారు తలచుకొనదగును.

1830 ఫిబ్రవరి 15న పక్షవాతము తగిలెను. కూతురు చూచుచుండగనే గదిలోనికి తూలుచు వచ్చి పడిపోయెను. కొంతసేపు నోట మాట రాలేదు. తిరిగి వచ్చెను గాని, మునుపటి మాటకాడు తిరిగి రాలేదు. ఆ పిమ్మటి నవలలలో వాక్యములు తడబడినవి. వైద్యులు వలదన్నను వ్రాయుట మానలేదు. ఇచ్చిన మాట తీరవలెను గదా. 1831 తుదిని ప్రభుత్వము వారి యోడలో మాల్టాకును, అటనుండి నేపుల్సునకును పోయెను. ఆ డిసెంబరులోనే మనుమడు పోయెను.

1832 జూలైలో మతిలేని స్థితిలో బండిపై ఇల్లు చేర్చుచుండగా, గాలా నదిలోయ కంటబడినంతనే ఆయన కదలెను. ఆ వాగు పేరు, ఆ పల్లెల పేర్లు ఒక్కొక్కటిగ గొణిగెను. కొండలు దాటి స్వగృహము కనబడినప్పుడు ఆనందముతో కేక వేసెను. కొన్ని దినములకు తన్ను వ్రాతబల్ల కడ కూర్చుండబెట్టుమని కోరెను. కూతురు కలము చేతికిచ్చెను. వ్రేళ్లు దానిని పట్టలేకపోయెను. కలము కాగితముపై జారిపడెను. ఆయన కన్నీరు కార్చెను.

1832 సెప్టెంబరు 21న స్కాటు కన్నుమూసెను. డ్రైబరో మఠపు శిథిలములలో భార్య ప్రక్కన సమాధి చేసిరి. మిగిలిన అప్పు ఆయన పుస్తకముల హక్కుల వలన తరువాతి యేండ్లలో కాసు తరుగక తీరెను.